ఆకేరుల గాలం: కొత్తగా మొదలువెట్టేటోళ్లకు

మోటరు కాలిందని నా షాపుకు వచ్చినోళ్లు వైండింగ్ అయ్యేదాక ఊకె కూసోరు. మూలకు ఆనిచ్చిన వెదురు బొంగును చూస్తరు, దానికి చుట్టిన తంగూసును చూస్తరు, ఇగ అడుగుడు షురువు. "అన్నా, నాకు గూడ నేర్పరాదే? ఏ రాడ్డు కొనాలె?" ఇంటర్ పిల్లలైతే ఫోన్ ముంగట పెట్టి, వీడియోల ఎవడో పట్టుకున్న రీలు చూపిచ్చి, గదే కావాలె అంటరు. ఒక్కొక్కరికి చెప్పి చెప్పి నోరు నొస్తున్నది. అందుకే రాసి పెడ్తున్న.

రాడ్డు ఇప్పుడే కొనకుండ్రి. చేప లేని కాడ పొద్దంత గాలం పెట్టుకోని కూసుంటే పదివేల రాడ్డైనా ఏం జేస్తది? ముందుగాల నీళ్లు చూసుడు నేర్వాలె. దానికి పైసలు పట్టయి. చేతిల ఏం లేకుండ వాగు ఒడ్డు పొంటి కొన్ని పొద్దులు నడువుండ్రి. ఈ మాట చెప్తే సగం మంది మొఖం మాడ్చుకోని పోతరు. మిగిలినోళ్లకే మిగతాదంత.

మాది వర్ధన్నపేట. నా పనికి, వాగుకు ఒక లెక్క ఉన్నది. యాసంగిల వరి పొట్టకొచ్చే యాళ్లకు బోర్ల నీళ్లు అడుగంటుతయి, వోల్టేజీ పడిపోతది, మోటర్లు ఒకదాని ఎన్క ఒకటి కాల్తయి. అప్పుడు నాకు అన్నం తినడానికి గూడ తీరదు. వానలు మంచిగ పడి చెరువులు మత్తడి దుంకినయంటే రైతు మోటరు ముట్టడు, నా షాపు మెట్టు ఎక్కేటోడు ఉండడు. సరిగ్గ అప్పుడే మా ఆకేరు వాగుల నీళ్లు. నా ఇంటామె దీన్ని గిరాకీ లేని రోగం అంటది. అననీ.

ఆకేరు పెద్ద నది ఏం కాదు. ఎండకాలం చూస్తే ఉత్త ఇసుక. పోయి మున్నేరుల కలుస్తది, మున్నేరు కృష్ణల కలుస్తది. ములుగు దిక్కు పోతే జంపన్నవాగు నీళ్లు గోదారికి పోతయి. అంటే మన వరంగల్ గడ్డ మీద పడ్డ వాన కొంత అటు, కొంత ఇటు. ఎండకాలం ఎండిపోయే వాగుల చేపలు యాడికెల్లి వస్తయని పిల్లలు అడుగుతరు. మడుగులల్ల, చెక్‌డ్యాముల ఎన్క కొన్ని మిగుల్తయి. ఎక్కువ మటుకు చెరువులకెల్లి వస్తయి. మత్తడి దుంకినప్పుడు చెరువు చేప నీళ్లతోని కిందికి దిగుతది, వాగుల చేప ఎదురెక్కుతది. మత్స్య సంఘపోళ్లు చెరువులల్ల పోసిన బొచ్చె, రవ్వ పిల్లలల్ల గూడ కొన్ని ఇట్లనే తప్పిచ్చుకోని వాగుల పడ్తయి. ఇగ వాగుకు సొంతంగ ఉండేటియి పరకలు, చందమామలు, జెల్లలు, బొమ్మిడాలు, మట్టగిడసలు, కొర్రమట్టలు. అదృష్టం ఉంటే వాలుగ.

ఇప్పుడు నీళ్ల సంగతి. చేపకు కావాల్సినయి రెండే. కష్టపడకుండ నిలబడే జాగ, నోటి కాడికి వచ్చే తిండి. గట్టిగ పారే నీళ్లల్ల తిండి మస్తు వస్తది గని, అండ్ల నిలబడాలంటే ఈదుకుంటనే ఉండాలె, తిన్నదంత దానికే పోతది. నిలిచిన నీళ్లల్ల పానం సుకంగ ఉంటది గని తిండి రాదు. అందుకే ఉరుకుడు నీళ్లు, మెల్లె నీళ్లు రాసుకునే అంచు పొంటి నిలబడ్తది. ఆ అంచు కంటికి కనబడ్తది. నురుగు ఒక బారుగ పోతుంటది చూడుండ్రి, అదే. నురుగు పోయే దారినే పురుగులు, గింజలు, ఆకుల చెత్త అన్నీ పోతయి. ఆ బారుకు జానెడు లోపటికి, మెల్లె నీళ్ల దిక్కు గాలం పడాలె.

మా దగ్గర వంతెన దాటినంక కిందికి వాగు కుడిచేతికి వంపు తిరుగుతది. వంపు తిరిగిన కాడ నీళ్ల దెబ్బంత బయటి ఒడ్డుకే. ఆ ఒడ్డు కింద మన్ను కోసుకపోయి గుహ పడ్డది, దాని మీద తుమ్మచెట్టు ఒకటి సగం కూలి ఏళ్లు నీళ్లల్లకు ఏలాడ్తున్నయి. కొత్తగ వచ్చినోళ్లు ఏం జేస్తరంటే, లోపటి దిక్కు ఇసుక మీద సల్లగ కుర్చీ ఏసుకోని కూసుంటరు. అక్కడ కూసునుడు మనిషికి అల్కగ ఉంటది గని, నీళ్లు బెత్తెడు లోతు, చేపకు దాపు లేదు. ఎదురుంగ ఆ తుమ్మ ఏళ్ల సందులకెల్లి జెల్లలు మెల్లగ తలకాయలు బయటపెడ్తుంటయి. ఒక్క మూరెడు ఏళ్ల దిక్కు జరిపి ఏస్తే బెండు మునుగుతది. అదే మూరెడు ఇవతల ఏస్తే పొద్దుగూకేదాక బెండు కదులది.

నీళ్ల వేగం ఎంత ఉంటే మంచిదో నాకు చెప్పింది మా బావ. హన్మకొండల చదువుకోని, ఇప్పుడు అమెరికాల సియాటిల్ దిక్కు ఉద్యోగం చేస్తడు. చలికాలం వచ్చిందంటే శనివారం చీకట్లనే లేచి స్కైకోమిష్ అనే వాగుకు పోతడు. వాళ్లది వాగు అంటరు గని మనకు అది నదే. ఒంటికి రబ్బరు ప్యాంటు తొడుక్కోని, గడ్డకట్టే నీళ్లల్ల నడుము దాక నిలబడి స్టీల్‌హెడ్ కోసం ఏస్తడు. నాకు వీడియో కాల్ చేస్తే ముక్కు ఎర్రగ, పండ్లు టకటక కొట్టుకుంటుంటయి, మొఖంల మాత్రం పండుగ. పట్టినవా బావా అంటే "ఇయ్యాల కూడ లేదు రా" అంటడు. వెయ్యిసార్లు ఇసిరితే ఒక్కసారి పడే చేప అని అక్కడ దానికి పేరట.

ఆ చేప కథ నాకు మస్తు నచ్చింది. రెయిన్‌బో ట్రౌట్ అని ఉంటది గద, గదే జాతి. వాగులనే బతుకంత గడిపితే రెయిన్‌బో ట్రౌట్, సముద్రానికి పోయి వస్తే స్టీల్‌హెడ్. కొండల వాగుల పుట్టి, ఒకటి రెండేండ్లు అక్కడ్నే పెరిగి, సముద్రంల పడి బలిసి, మళ్ల పుట్టిన వాగు వాసన పట్టుకోని ఎదురెక్కి వస్తది గుడ్లు పెట్టనీకె. అక్కడి సాల్మన్ గుడ్లు పెట్టినంక చచ్చిపోతది. ఇది మాత్రం పానం మిగిలితే మళ్ల సముద్రానికి పోయి, ఇంకోసారి గూడ రావచ్చు. మన ఎండకు, మన నీళ్ల వేడికి అటువంటి చేప వాగుల బతుకది. అది వేరే ముచ్చట.

బావ చెప్పిన లెక్క ఏందంటే, స్టీల్‌హెడ్ నిలబడేది మనిషి మామూలుగ నడిచేటంత వేగంతోని పారే నీళ్లల్ల, 3 నుంచి 6 అడుగుల లోతు ఉన్న కాడ. విన్ననాడే ఆకేరు కాడికి పోయి చూసిన. ఎండిన మోదుగాకు ఒకటి నీళ్లల్ల ఏసి, దాని ఎంబడి ఒడ్డు పొంటి నడిచిన. ఉరుకాల్సి వస్తే ఆ జాగ వదిలిపెట్టాలె. నిలబడి నిలబడి పోవాల్సి వస్తే అది గూడ వద్దు. ఆకు, నేను జోడుగ నడిచిన కాడ బొంగుతోని లోతు చూసి గాలం పెట్టిన. మన రవ్వకు, పెద్ద జెల్లకు గూడ ఆ లెక్క పనికొస్తది. లోతు మాత్రం మన వాగుల అంత అక్కెరలేదు, నడుము లోతుకు కొంచెం తక్కువున్నా సరిపోతది. ఇగ అప్పట్నుంచి కొత్తోళ్లు ఎవరొచ్చినా చేతికి గాలం ఇయ్య, మోదుగాకు ఇస్త.

నీళ్ల రంగు చూసుడుకు ఇంకో ఉపాయం. మోకాలు లోతుల నిలబడి కిందికి చూడుండ్రి. పాదం మసక మసకగ కనబడాలె. అసలే కనబడలేదంటే ఎర గూడ చేపకు కనబడది. గోర్లు లెక్కవెట్టేటంత తేటగ ఉంటే మనం చేపకు కనబడ్తం, అప్పుడు ఒడ్డుకు దూరంగ వంగి నడువాలె, నీడ నీళ్ల మీద పడనియ్యద్దు. జెల్లలు, వాలుగలకు ఈ లెక్క లేదు. అవి మీసాలతోని ఎతుక్కుంటయి కాబట్టి ఎర్రటి నీళ్లల్ల గూడ పడ్తయి.

సామాను గురించి ఇంకా అడుగుతనే ఉన్నరు కాబట్టి చెప్త. పన్నెండు అడుగుల సన్న వెదురు బొంగు, కొన సాగి వంగేటిది, మేదరోళ్ల కాడ దొరుకుతది. కొనకు తంగూసు కట్టుండ్రి, బొంగు ఎంత పొడుగో తంగూసు అంతే. 0.25 మిల్లీమీటర్ల మందంది జెల్లలకు, పరకలకు చాలు. ఒక బెండు, ఒక చిన్న సీసం గుండు, ఒక గాలం. బెండు కొనేది గూడ లేదు, ఎండిన జొన్నదంటు లోపటి బెండు చిటికెన వేలంత కోసుకుంటే అయిపాయె. అంత కలిపి మూడు వందల లోపట్నే.

గాలాల నంబర్ల కాడ అందరు ఆగమైతరు. నాకు మాత్రం మొదట్నే అల్కగ ఎక్కింది, ఎందుకంటే అది మా వైండింగ్ తీగ గేజీ తీరుగనే ఉంటది: నంబరు పెరిగిన కొద్ది వస్తువు సన్నమైతది. 16 నంబరు గాలం గింతంత, పరకల నోటికి పడ్తది. 8 నంబరు జెల్లకు. 1 దాకా వచ్చినంక లెక్క తిరగబడ్తది. దాని పక్కన సున్నా పెట్టి 1/0, 2/0, 3/0 అని రాస్తరు, ఇవి పోయిన కొద్ది పెద్దగైతయి. కొర్రమట్టకు అవి. షాపులకు పోయి "మీడియం సైజు" అని అడిగితే వాడు అమ్ముడు పోనిది అంటగడ్తడు.

ముడి గురించి మాత్రం జర ఓపికగ వినుండ్రి. చేప తెంపుకోని పోయిందని చెప్పేటోళ్లల్ల ఎక్కువ మందికి తెగింది తంగూసు కాదు, ఊడింది ముడి. తంగూసు కొసను గాలం కన్నులకెల్లి తీసి, అసలు దారం చుట్టూ అయిదారు చుట్లు తిప్పి, ఆ కొసను కన్ను పక్కన ఏర్పడ్డ మొదటి సందులకెల్లి దూర్చాలె. గుంజే ముందు నోట్ల పెట్టి తడుపాలె. పొడి మీద గుంజితే రాపిడికి వేడి పుట్టి తంగూసు అక్కడ్నే బలహీనమైతది, పైకి ఏం కనబడది. పైపూత (ఇనామిల్) గీసుకపోయిన రాగితీగ గూడ పైకి మంచిగనే కనబడ్తది, కరెంటు ఇచ్చినప్పుడు తెలుస్తది. తడిపి, మెల్లగ గుంజి, బిగిసినంక కొస కోయాలె. రాత్రి ఇంట్ల టీవీ ముంగట కూసోని, కండ్లు మూసుకోని కట్టే దాక అలవాటు చేసుకోండ్రి.

ఎరకు ఎర్రలను (వానపాములను) మించింది లేదు. బోరింగు నీళ్లు పారే కాడ, పెంటకుప్ప అంచున తవ్వితే దొరుకుతయి. తడిమన్ను పోసిన డబ్బాల పెట్టి, పైన ఆకు కప్పి, నీడకు పెట్టాలె. ఎండల పెడ్తే గంటల చస్తయి, చచ్చిన ఎర్రను జెల్ల తింటది గని పరక మూతి తిప్పుకుంటది. గాలానికి ఎక్కిచ్చేటప్పుడు మొత్తం కుచ్చద్దు, తోక అర ఇంచు ఇడిచిపెడ్తే అది ఆడ్తుంటది. రవ్వ కోసమైతే పల్లి చెక్క దంచి గోధుమపిండిల కలిపి ముద్ద చేసుకోవాలె, నీళ్లల్ల పడంగనే ఇచ్చుకపోకుండ గట్టిగ. ముందుగాల పిడికెడు తవుడు తడిపి అక్కడ ఏస్తే చేపలు పోగైతయి. పారే నీళ్లల్ల తవుడు ఎక్కడ ఏస్తే ఎక్కడికి పోతదో చూసుకోని, గాలానికి పైన ఏయాలె.

బెండు ఆటతోనే ఏ చేపో తెలుస్తది. పరక అయితే టిక్కు టిక్కుమని ఒణుకుతది, దాని ఎంబడి గుంజితే ఉత్త గాలమే వస్తది, ఇంకా ఆగాలె. జెల్ల అయితే బెండును పక్కకు ఈడ్చుకోని పోయి ముంచుతది. రవ్వ కొన్నిసార్లు బెండును మీదికి లేపుతది, పడుకోవెడ్తది. ఏది పడ్డా చెయ్యి గుంజుకోవద్దు, మణికట్టు ఎత్తితే చాలు. వీడియోలల్ల బొంగు ఆకాశానికి ఇసిరేటోళ్లను చూసి నేర్చుకుంటే చేప మూతి చినుగుతది.

జెల్ల పడ్డదనుకోండ్రి. దాన్ని ఊకె పిడికిట్ల పట్టుకుంటే ఇగ అయిపాయె. వీపు మీద ఒక ముల్లు, చెవుల ఎన్క అటొకటి ఇటొకటి. నీళ్లకెల్లి తీయంగనే మూడింటిని ఇచ్చుకోని నిలబెడ్తది, మనం వంచుదామన్నా వంగయి. చెంప ముల్లును ఆడిస్తే కిర్రు కిర్రుమని చప్పుడు గూడ వస్తది, మొదటిసారి విన్న పిల్లలు చేప ఏడుస్తున్నదని భయపడ్తరు. కిందికెల్లి చెయ్యి పోనిచ్చి, చూపుడు వేలు ఒక చెంప ముల్లు ఎన్క, బొటనవేలు ఇంకో ముల్లు ఎన్క పెట్టి, వీపు ముల్లు బయటికి ఉండేటట్టు పట్టాలె. గప్పుడు ఏం జేయదు. ముల్లు దిగితే మంట మోచేతి దాక ఎక్కుతది. ఓర్చుకునేటంత వేడినీళ్లల్ల చెయ్యి ముంచితే గుంజు తగ్గుతది. పసుపు, సున్నం పెట్టుకునేటోళ్లు పెట్టుకోండ్రి గని ముందు వేడినీళ్లు. వాపు పెరిగితే దవఖానకు.

ఇగ కొర్రమట్ట. రబ్బరు కప్ప ఎర, పెద్ద రీలు, వీడియోలు అన్నీ దీని కోసమే. మన రాష్ట్ర చేప ఇది. వాషింగ్టన్ రాష్ట్ర చేప స్టీల్‌హెడ్ అని బావ చెప్పినప్పుడు, మాదేం తక్కువ అని నేను దీన్నే చెప్పిన. గాలి పీల్చుకునే చేప. నీళ్లు తగ్గి బురద మిగిలినా బతుకుతది, ఎండకాలం చెరువు మడుగు తవ్వితే పానంతోని ఎల్లుతది. వానలు పడంగనే గడ్డి సందుల్ల గూడు చేసి గుడ్లు పెడ్తది. పిల్లలైనంక తల్లి తండ్రి రెండు కావలి కాస్తయి. ఆ పిల్లల గుంపును ఒక్కసారి చూడాలె మీరు. నారింజ ఎరుపు పిల్లలు, వందలకు వందలు, ఒక్క ముద్దగ నీళ్ల మీదికి వచ్చి గాలి కోసం బుడబుడమని నీళ్లను పొంగిస్తయి, మళ్ల కిందికి పోతయి, బారెడు దూరంల మళ్ల లేస్తయి. వాటి కిందనే పెద్దది ఉంటది.

అందుకే కొంతమంది ఆ గుంపు మీదనే రబ్బరు కప్ప ఏస్తరు. ఆకలి ఉన్నా లేకున్నా, పిల్లల మీదికి వచ్చిందని తల్లి ఎగబడి కరుస్తది. దాన్ని పట్టి భుజం మీద ఏసుకోని ఫోటో దిగుతరు. కావలి లేని పిల్లలను పరకలు, జెల్లలు, కొంగలు మిగలనియ్యయి. ఒక్క చేప కోసం వచ్చే ఏటి చేపలన్నీ పోతయి. నా ఎంబడి వచ్చేటోళ్లకు ఇది ఒక్కటి షరతు: పిల్లల గుంపు కనబడ్డ కాడ గాలం ఎత్తాలె. కొర్రమట్ట కావాల్నంటే దసరా దాటనియ్యుండ్రి, గుంపులు చెదిరిపోతయి, అప్పుడు తుంగ అంచు పొంటి మిడుతనో, రబ్బరు కప్పనో లాగుకుంట రాండ్రి.

మొదటి వరద చేప గురించి గూడ నాది ఇదే మాట, దీని మీద మా ఊళ్లె నాతోని కొట్లాడేటోళ్లు ఉన్నరు. మిరుగు (మృగశిర కార్తె) దాటి గట్టి వాన పడంగనే చేపలు ఎదురెక్కుతయి. బొచ్చె, రవ్వ వంటియి నిలిచిన చెరువుల మామూలుగ గుడ్లు పెట్టయి, పారే కొత్త నీళ్లు కావాలె వాటికి. కడుపు నిండ గుడ్లతోని మత్తడి కాడ గుమిగూడినయంటే ఊరంత ఊతలు (చేపను మూసిపట్టే బుట్టలు), దోమతెర వలలు పట్టుకోని ఉరుకుతది. తాతల నాటి నుంచి ఉన్నదే, మా నాయిన గూడ ఊత పట్టిండు, నేను గూడ చిన్నప్పుడు ఎంబడి ఉరికిన. అప్పుడు ఊతలు ఊరికి పది ఉండె. ఇప్పుడు చీమ గూడ తప్పిచ్చుకోలేని సన్నకన్ను వలలు వాగుకు అడ్డం కడ్తున్నరు. మిరుగు నాడు చేప తినాల్నని మా అమ్మ పట్టు పడ్తది, తింటం. మార్కెట్ల చెరువు చేప తెస్త. ఎదురెక్కేదాన్ని మాత్రం తేను. అమ్మకు రుచిల ఫరకు తెలుస్తదట, ఆ పులుసు పూట నాకు తిట్లు తప్పవు.

బావ వాళ్ల దిక్కు ఈ లెక్క కాయితం మీద ఉంటది. లైసెన్సు కొనాలె, ఉంచుకునే చేపను అక్కడ్నే కార్డుల రాయాలె. హ్యాచరీల పెంచి వదిలిన స్టీల్‌హెడ్‌కు వీపు మీద తోకకు దగ్గరుండే చిన్న మెత్తటి రెక్కను పిల్లప్పుడే కోసి వదుల్తరు. రెక్క లేకుంటే ఇంటికి తెచ్చుకోవచ్చు, రెక్క ఉంటే వాగుల పుట్టిన చేప, నీళ్లల్లనే ఇడిచిపెట్టాలె. సియాటిల్ చుట్టుపక్కల వాగుల స్టీల్‌హెడ్‌ను 2007ల ముప్పుల ఉన్నదని చట్టంల చేర్చిండ్రు. చలిల పొద్దంత నిలబడి, పడక పడక పడ్డదానికి రెక్క ఉన్నదని బావ ఇడిచిపెట్టిన వీడియో మా అమ్మకు చూపిస్తే, "గంత దూరం పోయి గీ పనా" అన్నది.

ఇంకో ముచ్చట, ఇది నా పనికి సంబంధం ఉన్నది. వానకాలం వచ్చిందంటే ఎవడో ఒకడు షాపుకొచ్చి చాటుకు పిలుస్తడు. బ్యాటరీకి కట్టి నీళ్లల్ల కరెంటు ఇడిసే డబ్బా చేసియ్యమంటడు. చేయ. నీళ్లల్ల కరెంటు పెడ్తే పెద్దది, పిల్ల, కప్ప, తాబేలు అని చూడది. తేలినయి నాలుగు ఏరుకుంటరు, మునిగినయి ఎవరికి కనబడయి. తడి కాళ్లతోని నీళ్లల్ల నిలబడి ఆ పని చేసే మనిషికే గ్యారంటీ లేదు. తోటాలు పేల్చుడు, నీళ్లల్ల విషం కలుపుడు 1897 నాటి చేపల చట్టంలనే నేరం. కరెంటు డబ్బా కోసం నా కాడికి వచ్చినోడు నా కాడ గాలం గూడ నేర్వలేడు.

చెరువుల గాలం ఏయాల్నంటే ఆ ఊరి మత్స్య సహకార సంఘపోళ్లను అడుగాలె. చేప పిల్లలు పోసుడు, కావలి కాసుడు వాళ్లది, చేప మీద హక్కు వాళ్లది. ముదిరాజు పెద్దమనిషి ఎవరో తెలుసుకోని, "పెద్దయ్యా, పొద్దుగాల కొద్దిసేపు గాలం ఏసుకుంట" అని అడిగితే నాకు కాదన్నోళ్లు తక్కువ. అడుగకుండ ఏస్తే బొంగు ఇరుగుతది, ఇరగాల్నె. వాగుల ఇంత పట్టింపు ఉండది. పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాలల్లకు మాత్రం గాలం పట్టుకోని పోవద్దు, అక్కడ ఫారెస్టోళ్ల చట్టం వేరే. పాకాల కట్ట మీద నిలబడి చూసి రాండ్రి, కాకతీయుల నాటి చెరువు, చూస్తేనే కడుపు నిండుతది.

భయం చెప్పాల్సింది రెండు. ఒకటి ఇసుక గుంతలు. ట్రాక్టర్లు తోడుకపోయిన కాడ వాగు అడుగున నిలువెత్తు గుంతలు ఉంటయి, పైకి నీళ్లు ఒక్కతీరుగనే కనబడ్తయి. అడుగు పెట్టే ముందు బొంగుతోని పొడిచి చూసుడు అలవాటు కావాలె, మీకు ఈత వచ్చినా సరే. రెండోది ఎగువ వాన. మన నెత్తి మీద ఎండ కొడ్తుంటది, పైన యాడనో కుమ్మరిస్తది. 2024 సెప్టెంబరు మొదట్ల ఇదే ఆకేరు మరిపెడ కాడ పురుషోత్తమాయగూడెం వంతెన మీదికెల్లి పోయి కారును కొట్టుకపోయింది, అవే వానలకు కేసముద్రం దిక్కు రైలు పట్టాల కింద కంకర కొట్టుకపోయింది. అంత దాక పోకున్నా, నీళ్లల్ల ఉన్నట్టుండి పుల్లలు, ఎండుటాకులు ఎక్కువైనయంటే, రంగు మారిందంటే, ఒడ్డు మీద మీరు గుర్తు పెట్టుకున్న రాయి తడిసిందంటే, చేప పడుతున్నా సరే సామాను సదురుకోని గట్టెక్కాలె. చెక్‌డ్యాం గోడ మీద నిలబడి ఏసేటోళ్లను చూస్తే నాకు కడుపుల తిప్పుతది. నాచు మీద కాలు జారితే కింద తిరిగే నీళ్లు మనిషిని మీదికి రానియ్యయి.

చిన్న చేపలు పడ్తే తడి చేత్తోని పట్టి ఇడిచిపెట్టుండ్రి. పొడి చెయ్యి పెడ్తే దాని ఒంటి మీది జిగురు పోతది. గాలం లోపటి చిన్న ముల్లును పట్కారుతోని ఒత్తేస్తే తీసుడు అల్క, మీ వేలికి గుచ్చుకున్నా అల్క. తెగిన తంగూసు ముక్కలు అక్కడ పడేయద్దు, కొంగల కాళ్లకు చుట్టుకుంటయి. షాపు ముంగట ఖాళీ ఆయిల్ డబ్బా పెట్టిన, తెచ్చి అండ్ల ఏయుండ్రి.

సద్దుల బతుకమ్మ అయినంక నీళ్లు తేటపడ్తయి. ఆదివారం షాపు బంద్, వచ్చేటోళ్లు పొద్దుగాల ఆరింటికి వంతెన కాడికి రాండ్రి. బొంగులు నా కాడ నాలుగు ఎక్కువనే ఉన్నయి. ఎర్రలు మాత్రం ఎవరివి వాళ్లే తవ్వుకోని తేవాలె.